వెలుగునకు కథ కావలెను

కుంచె పట్టిన చేతికిని, విద్యుత్తు తీగ పట్టిన చేతికిని సంబంధము లేదని మనలో పెక్కురు తలంతురు. బొమ్మలు గీయువాడు శాస్త్రములో వెనుకబడుననియు, యంత్రములు విప్పి చూచువానికి సౌందర్యదృష్టి యుండదనియు లోకములో ఒక మాట కలదు. ఈ మాట సత్యము కాదు. రెండు విద్యలును ఒక్క చేతిలో కలిసినప్పుడే రెండును వికసించును. ఇందులకు నిదర్శనము కొరకు దూరదేశములకు పోనక్కరలేదు. అది మన రాయలసీమలోనే యున్నది.

శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంట యను గ్రామము కలదు. తోలుబొమ్మలాట అచ్చటి కొన్ని కుటుంబములకు తరతరముల వృత్తి. వారు మేకతోలును శుభ్రపరచి, వెలుగు లోపలినుండి ప్రసరించునంత పలుచగా చేయుదురు. దానిపై బొమ్మను గీసి, సన్నని రంధ్రములు తొలిచి, రంగులు పూయుదురు. చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి, కీళ్లవద్ద దారముతో కూర్చుదురు. తెల్లని తెరకు వెనుక దీపముంచి, ఆ రెంటి నడుమ బొమ్మ నాడింతురు. పూర్వము ఆముదపు దీపములు వెలిగించెడివారు. పిమ్మట విద్యుద్దీపములు వచ్చినవి.

ఆ కళాకారుల నేర్పులో ఎంత శాస్త్రమున్నదో గమనింపుడు. తెరకు ఆనించిన బొమ్మ రంగులతో స్పష్టముగా కనబడును. దానిని దీపమువైపు జరిపినకొలది నీడ పెద్దదగును, అంచులు చెదరును. రంధ్రములనుండి వచ్చు వెలుగు ఆభరణములవలె మెరయును. ఏ తోలు ఎంత వెలుగును పోనిచ్చునో, బొమ్మను ఎంత దూరమున నుంచవలెనో వారికి చేతి యనుభవమువలన తెలియును. కాంతి పాఠమును మనము పుస్తకములో చదువుచున్నాము. వారు రాత్రులందు తెరవెనుక నిలిచి నేర్చినారు.

సినిమా, పిదప టెలివిజను వ్యాపించినకొలది ఆటకు ప్రేక్షకులు తగ్గిపోయిరి. అప్పుడు ఆ కళాకారులు అదే తోలుతో, అవే రంగులతో విద్యుద్దీపములకు అందమైన తొడుగులు చేయసాగిరి. లోపల దీపము వెలుగగా చుట్టును రాముడు, సీత, లతలు, నెమళ్లు ప్రకాశించును. ఈ పని ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు గారిని భారత ప్రభుత్వము 2020లో పద్మశ్రీ పురస్కారముతో గౌరవించినది.

ఇది మెచ్చదగినదే. అయినను ఒక లోటు మిగిలినది. దీపపు తొడుగుమీద రాముడు కదలడు. కేతిగాడును బంగారక్కయు నవ్వింపరు. యుద్ధఘట్టమున పలకలపై కాళ్లు తాటించు చప్పుడు వినబడదు. విద్యుత్తు బొమ్మను నిలబెట్టినది కాని, ఆ బొమ్మలోని ఆటను నిలబెట్టలేదు. పూర్తిగా అంతరింపకపోయినను ఆట అరుదైనది. ఇందులకు కళాకారులను నిందింపరాదు. ఆకలి ముందు నిలిచినవారు చేయగలిగినది చేసిరి. మిగిలిన పనిని చదువుకొనుచున్న బాలబాలికలు చేపట్టవలెను.

ఎట్లందురా? జనులు వాయల్పాడని పిలుచు వాల్మీకిపురమును తీసికొందము. పట్టాభిరామస్వామి ఆలయముగల ఆ యూరిలో రామకథ వినని చెవి అరుదు. అచ్చటి విద్యార్థులు ఒక దళసరి అట్టపై లంకానగరమును చిత్రించిరనుకొందము. ప్రతి మేడకును ఒక కిటికీ తొలిచి, దాని వెనుక చిన్న ఎర్రని ఎల్.ఇ.డి. దీపము నుంచవలెను. మేడ ముందు, పొట్లములు కట్టు అల్యూమినియము కాగితమును రెండు ముక్కలుగా, నడుమ కొంచెము ఎడముంచి, అంటింపవలెను. ఆ యెడమువలన విద్యుత్తు దారి తెగియుండును. అట్టతో చేసిన హనుమంతుని తోకకొనకు అదే కాగితమును చుట్టవలెను. తోక వచ్చి రెండు ముక్కలను తాకినంతనే దారి కలియును, కిటికీ ఎర్రగా వెలుగును.

ఇందులో లెక్కయు కలదు. మూడు టార్చి బ్యాటరీలను వరుసగా కలిపినచో నాలుగున్నర వోల్టులు వచ్చును. ఎర్రని ఎల్.ఇ.డి.కి సుమారు రెండు వోల్టులు చాలును. మిగిలిన రెండున్నర వోల్టులను ఒక రెసిస్టరు భరింపవలెను. అది 150 ఓములదైనచో ఓము నియమము ప్రకారము ప్రవహించు విద్యుత్తు సుమారు 17 మిల్లీయాంపియర్లు; ఆ దీపమునకు అది సురక్షితము. రెసిస్టరు లేనిచో దీపము మాడిపోవచ్చును. ఈ లెక్క పరీక్షలో వచ్చినప్పుడు మరచిపోవు బాలుడు, తన లంక వెలుగుటకు చేసినప్పుడు జన్మలో మరువడు.

అంతటితో ఆగదు. తోక తొలగినంతనే దీపమారును. కాని కథలో లంక ఆరలేదుకదా! తాకి విడిచినను వెలుగుచునే యుండవలెనన్న ఏమి చేయవలెను? ఇది కథ అడిగిన ప్రశ్న. దీనికి ఉత్తరము శాస్త్రములో కలదు. రెండు ట్రాన్సిస్టర్లను, ఒకదాని ఫలితము రెండవదానిని శాసించునట్లు అడ్డముగా కలిపినచో, ఆ జంట ఒక్కసారి తగిలిన స్పర్శను గుర్తుంచుకొనును. ట్రాన్సిస్టరు పుట్టుటకు పూర్వమే, 1918లో, ఇంగ్లండులో ఎక్లిస్, జోర్డాన్ అను వారిరువురు శూన్యనాళికలతో ఈ యుక్తిని కనిపెట్టిరి. కంప్యూటరు ఒకటి, సున్న అను గుర్తులను జ్ఞాపకముంచుకొను పద్ధతులలో ఇది ముఖ్యమైనది. చూడుడు! హనుమంతుని తోక పట్టుకొని పోయిన బాలుడు కంప్యూటరు వాకిటికి చేరినాడు. ఏ ఉపాధ్యాయుడును ఆజ్ఞాపింపలేదు, కథయే నడిపించినది.

అంగడిలో పెట్టెలు దొరకును. వానిలో తీగలు, దీపములు, సూచనలు అన్నియు నుండును. సూచన ప్రకారము కలుపగా నలువదిమంది చేతులలో నలువది దీపములు ఒక్కతీరుగా మినుకుమినుకుమనును. మొదటి దినమున అది మంచిదే. అంతటితో తృప్తి చెందుట మాత్రము మంచిది కాదు. ఇతరుల ప్రశ్నకు ఇతరులు వ్రాసిన ఉత్తరమును కూర్చుట విద్య యనిపించుకొనదు. అట్లే, బొమ్మ గీసిన పిదప అలంకారమునకై ఒక దీపమును అతికించుటయు కళ కాజాలదు. ఆ దీపమును తీసివేసినచో కథకు లోటు కలుగవలెను. అప్పుడే అది అచ్చట నుండదగినది.

యంత్రము చేరినచో కళ చెడునని కొందరందురు. ఆముదపు దీపమును వదలి విద్యుద్దీపమును తెచ్చుకొన్న బొమ్మలాటవారు ఆ భయమును ఏనాడో విడిచిరి. ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. 1966లో న్యూయార్కు నగరమున చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, ఇంజనీరు బిల్లీ క్లూవర్ మొదలైనవారు చేతులు కలిపి, పదిమంది కళాకారులతోను, సుమారు ముప్పదిమంది ఇంజనీర్లతోను తొమ్మిది రాత్రులు ప్రదర్శనలు నడిపిరి. వారికి గొప్ప పరిశోధనశాల తోడైనది. మనకు అట్ట, తీగ, మూడు బ్యాటరీలు చాలును.

కేంద్ర ప్రభుత్వము 2016లో ఆరంభించిన పథకము క్రింద అనేక పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు ఏర్పడినవి. పనిముట్లు వచ్చినవి, సంతోషము. కాని ఆ బల్లవద్దకు విజ్ఞానశాస్త్రోపాధ్యాయునితోపాటు చిత్రలేఖనోపాధ్యాయుడును, తెలుగు పండితుడును రావలెను. వీలైనచో బొమ్మలాట నెరిగిన కళాకారుని గురువుగా ఆహ్వానింపవలెను. బాలురకు ఆయన వెలుగును నేర్పును. తన ఆటకు వారసులు కలరని తానును ఎరుగును.

విద్యార్థులారా! ఇంటిగోడలోని విద్యుత్తును ఇట్టి పనులకు ఎన్నడును తాకకుడు, అది ప్రాణాపాయకరము. బ్యాటరీలతోనే పని చేయుడు. ముందుగా మీ యూరి కథ నొకదానిని ఎన్నుకొనుడు. ఆ కథలో ఎచ్చట వెలుగు పుట్టవలెనో, ఎచ్చట ఆరవలెనో నిర్ణయించుకొనుడు. ఆ తరువాతనే తీగను చేతబట్టుడు.