పీడీఎఫ్ కూడా పత్రమే

మొన్న బండి ఆత్మకూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్. "అన్నా, వీసాకు బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతున్నారు. పీడీఎఫ్ పంపిస్తా, బ్యాలెన్స్ కొంచెం పెంచియ్యి. నీకు రెండు నిమిషాల పని గదా!"

పని రెండు నిమిషాలదే. శిక్ష మాత్రం ఏడేళ్ళ దాకా ఉంది.

మనలో చాలామందికి ఫోర్జరీ అంటే దొంగ సంతకం, దొంగ స్టాంపు. అంతే. చట్టం అలా చూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 'పత్రం' అన్న మాట నిర్వచనంలోనే ఎలక్ట్రానిక్ రికార్డు కూడా ఉంది. మోసం చెయ్యడానికి దాన్ని దిద్దితే 336వ సెక్షన్. అదే చెక్కో, డిపాజిట్ రసీదో అయితే ఇంకా పెద్ద నేరం. ఎందుకంటే అవి డబ్బు మీద హక్కునిచ్చే కాగితాలు. 338 కింద పదేళ్ళు, లేదంటే యావజ్జీవం దాకా వెయ్యొచ్చు.

సత్యం కథ అప్పుడే మర్చిపోయామా? లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న రామలింగరాజే లేఖ రాశారు. ఆ లేని డబ్బుని ఉన్నట్టు చూపించింది దొంగ డిపాజిట్ రసీదులే. 2015లో ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ళ జైలు వేసింది, అప్పీలులో ఆ శిక్ష అమలు ఆగింది.

"అవి కోట్లు, మావి లక్షలు" అంటారేమో. నిర్వచనంలో అంకె లేదండీ!

చిన్నాన్న డిపాజిట్ చూపించి, ఆయన చేత స్పాన్సర్ లెటర్ రాయించుకోమన్నాను. వాడు అలిగాడు. అలగనీ. మీరైతే ఏం చేసేవారు?