సీజన్‌లో బరువు దించొద్దు
 2022 అక్టోబరులో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన జాతీయ ఓపెన్ పోటీల్లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.82 సెకన్లలో దాటింది. అదే ఏడాది మే 10న సైప్రస్‌లో 13.23తో జాతీయ రికార్డు తిరగరాసింది కూడా ఆమే. ఆ రెండు పరుగుల మధ్య అయిదు నెలలు గడిచాయి. పోటీల కాలం ఇంత సుదీర్ఘమైనప్పుడు, వెయిట్స్ సంగతి సీజన్ అయ్యాక చూద్దామనడం పెద్ద పొరపాటు. సాధన ఆపితే గరిష్ఠ వేగం అయిదారు రోజుల్లోనే సడలడం మొదలవుతుందనీ, గరిష్ఠ బలం దాదాపు నెల నిలుస్తుందనీ శిక్షణ శాస్త్రవేత్త వ్లాదిమిర్ ఇసురిన్ అంచనా. అంటే వేగాన్ని వారంలో రెండు మూడుసార్లు పలకరించాలి, బలానికి అంత తరచుగా అక్కర్లేదు. కానీ నెలల తరబడి వదిలేస్తే అదీ మిగలదు.

ఎంత చేస్తే చాలు? నార్వేలో వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. సీజన్‌లో వారానికి ఒక్కసారి వెయిట్స్ చేసినవాళ్లు అంతకుముందు కూడబెట్టిన బలాన్నీ, 40 మీటర్ల వేగాన్నీ నిలుపుకున్నారు. రెండు వారాలకోసారి చేసినవాళ్లు రెండిట్లోనూ వెనకబడ్డారు. వెయిట్స్ చేస్తే కాళ్లు పట్టేసి పరుగు మందగిస్తుందని కోచ్‌లు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. అయితే కాళ్లను పట్టేసేది ఎక్కువగా సెట్ల సంఖ్య, అలవాటు లేని కసరత్తు. అందుకే సీజన్‌లో తగ్గించాల్సింది సెట్లను, బార్ మీది బరువును కాదు. తాజా కాళ్లతో ముందు స్ప్రింట్లు, ఒక్కో పరుగుకు మధ్య పూర్తి విశ్రాంతి. వెయిట్స్ అదే రోజు ఆ తర్వాత. అప్పుడు మర్నాడు ఒళ్లు తేరుకోవడానికి ఖాళీ దొరుకుతుంది. ఆయాసం తీరకుండా మళ్లీ పరిగెత్తిస్తే పెరిగేది దమ్ము, వేగం కాదు.

మ్యాచ్‌లోనే పరుగంతా అయిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి ఆ పరుగెక్కడిది? స్కూలు మైదానాల్లో జిమ్ లేదు కదా అన్న మాట మరింత న్యాయమైనది. అక్కడ మోకాళ్ల మీద నిలబడి, తోటివాడు మడమలు గట్టిగా పట్టుకుంటే, మెల్లగా ముందుకు వాలే నార్డిక్ కసరత్తుకు పైసా ఖర్చు లేదు. అది తొడ వెనక కండరాల గాయాలను దాదాపు సగానికి తగ్గించిందని పలు పరిశోధనలను కలిపి చూసిన 2019 సమీక్ష తేల్చింది. కొత్తలో నొప్పులు గట్టిగానే ఉంటాయి కనుక దాన్ని సీజన్‌కు ముందే, వారానికి రెండు మూడు వాలులతో మొదలుపెట్టించాలి.