ఈసారి ఎక్కడ దాచావు తాతయ్యా?

డిసెంబరు ఒకటో తారీఖు వచ్చిందంటే మా ఇంట్లో బాల యేసు మాయమైపోతాడు. దాచేది మా నాన్న. పశువుల పాక కట్టడం మిగతా అందరి పని. వరిగడ్డి కప్పు, కాగితాలు నలిపి రంగు పూసిన కొండలు, చెరువు కోసం అద్దం ముక్క, పచ్చిక కోసం పళ్లెంలో మొలకెత్తించిన మెంతులు. మరియమ్మ, జోజప్ప, కాపరులు, గొర్రెలు అందరూ వచ్చి కుదురుకుంటారు. మధ్యలో తొట్టి మాత్రం ఖాళీ. ఇరవై నాలుగు రాత్రి పూజ నుంచి వచ్చాక ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు బాల యేసును తెచ్చి అందులో పడుకోబెట్టాలి. అప్పటిదాకా ఆయన ఎక్కడున్నాడో వెతకడమే పిల్లల పని. దొరికినా నోరు విప్పకూడదు. విప్పితే ఆ ఏడు అరిసెల్లో కోత!

నా చిన్నప్పుడు కందిపప్పు డబ్బాలో దొరికాడు. ఓసారి కుట్టుమిషను సొరుగులో, ఇంకోసారి గోడ గడియారం వెనకాల.

ఇక ముగ్గురు రాజుల సంగతి. వాళ్లు తూర్పు దేశం నుంచి రావాలి కదా, అందుకని మా హాల్లో తూర్పు గోడకున్న అలమారా మీద బయలుదేరతారు. రోజూ రాత్రి ఎవరో ఒకరు చడీచప్పుడు లేకుండా వాళ్లను కాస్త ముందుకు జరపాలి. జనవరి ఆరుకి పాక చేరాలి. దారి తిన్నగా ఉండదు. తమ్ముడి పుణ్యమా అని ఓ పొద్దున ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన గజగజ వణుకుతూ కనిపించారు. వాడే ఓ రాజును ఎక్కడో పారేశాడు కూడా. మత్తయి సువార్తలో కానుకలు మూడని ఉంది గానీ వచ్చినవాళ్లు ముగ్గురని ఎక్కడుందని వాడి వాదన. మాటకు మాట చెప్పాలంటే, ఆ ఒక్క విషయంలో వాడిదే రైటు. పక్కింటి పిన్నిగారు సంక్రాంతి బొమ్మల కొలువులోంచి కొండపల్లి అంబారీ ఏనుగును ఇచ్చి ఆ లోటు తీర్చారు. ఇప్పటికీ ఏటా ఆ ఏనుగు మా ఇంటికొస్తుంది. బదులుగా మా గొర్రె ఒకటి ఆవిడ కొలువుకు వెళ్తుంది.

ఇదేం చోద్యం, దేవుడి దగ్గర ఆటలేమిటి అనేవారు మా నాయనమ్మ. కానీ ఈ ఆట మా ఒక్కరిదే కాదండీ. ఇటలీలోని గ్రెచ్చోలో 1223 క్రిస్మస్ రాత్రి అస్సీసీ ఫ్రాన్సిస్ తొట్టిలో గడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడు. నేపుల్స్‌లో శాన్ గ్రెగోరియో అర్మేనో అని ఓ వీధి ఉంది. అక్కడి బొమ్మల అంగళ్లలో కాపరుల పక్కనే ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా కూడా దొరుకుతాడు. స్పెయిన్‌లోని కాటలోనియా వాళ్లయితే మరీను! పాక దగ్గర ఓ మూల, ఎవరికీ కనబడకుండా, దొడ్డికి కూర్చున్న రైతు బొమ్మను పెడతారు. అతను ఎక్కడున్నాడో పిల్లలు వెతికి పట్టుకోవాలి. నాయనమ్మ ఇది వినకుండానే పోవడం మంచిదైంది.

2022లో మాత్రం ఆట తిరగబడింది. డిసెంబరంతా మావాడు ఇల్లు జల్లెడ పట్టాడు, దొరకలేదు. పూజ నుంచి వచ్చాక అందరం పాక చుట్టూ నిలబడ్డాం. నాన్న లోపలి గదిలోకి వెళ్లి చాలాసేపటికి ఉత్త చేతులతో వచ్చారు.

"ఎక్కడ పెట్టానమ్మా?" అని నన్నే అడిగారు.

అప్పటికి కొన్నాళ్లుగా ఆయన కళ్లజోడు ఎక్కడ పెట్టారో, అన్నం తిన్నారో లేదో మర్చిపోతున్నారు. వయసు కదా అని సరిపెట్టుకుంటూ వచ్చాం. ఆ రాత్రి ఆయన ముఖం చూశాక సరిపెట్టుకోవడం నావల్ల కాలేదు. మావాడు నోరు తెరవబోయేలోగా అమ్మ అందుకుంది. "ఈసారి మీరే గెలిచారండీ. పదండి, కేకు కోద్దాం." ఆ ఏడు తొట్టి ఖాళీగానే ఉంది. రాజులు జనవరి ఆరున వచ్చి ఉత్త గడ్డిని చూసి వెళ్లారు. పిన్నిగారు మాత్రం, "ఇంకా పుట్టలేదా? పోనీ మా వెన్నముద్ద కృష్ణుణ్ని పంపనా?" అని అమ్మను నవ్వించారు.

మార్చిలో ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున నాన్న పాత మంకీ క్యాప్ చుట్టగా దొరికింది. లోపల బాల యేసు. చూపిస్తే, "చలి కదమ్మా, పసివాడు" అన్నారు నాన్న.

2023 డిసెంబరు రాగానే అమ్మ, "ఈసారి నేను దాస్తాలే" అంది. మావాడు ఒప్పుకోలేదు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. "తాతయ్యే దాచాలి" అని బొమ్మను తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. పెట్టి, నిద్ర నటిస్తూ దుప్పటి సందులోంచి చూశాడట. స్కూలు డైరీ ఆఖరి పేజీలో రాసుకున్నాడు కూడా. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇరవై నాలుగు రాత్రి మళ్లీ అందరం నిలబడ్డాం. నాన్న గదంతా కలయచూశారు. తర్వాత మనవడి వంక చూశారు. వాడు ఏమీ ఎరగనట్టు చెవి గోక్కుంటూ వంటింటి అటక వంక చూస్తున్నాడు. నాన్న స్టూలు తెమ్మన్నారు. నేను పట్టుకున్నాను. అటక మీద మిక్సీ డబ్బాలోంచి బాల యేసును తీసి మనవడికిచ్చారు.

"భలే గుర్తుపెట్టుకున్నావు తాతయ్యా!" అన్నాడు వాడు.

"దాచింది నేనురా. నాకు తెలీదా?" అన్నారు నాన్న.