మేళము చెదరకముందే

కళాకారుని కొలుచుటకు లోకము సాధారణముగ రెండే తూనికరాళ్లను వాడుచుండును. ఒకటి అఖండ కీర్తి. రెండవది పూర్తి విస్మృతి. ఈ రెంటి నడుమ, ఏటికేడు ఊరూర తిరిగి, వినువారిని మెప్పించి, వచ్చినదానిని తోడివారితో పంచుకొని, మరునాటి కథకు బయలుదేరు మేళములు ఎన్నియో కలవు. ఏ కళయైనను బ్రతికియుండుట నిజమునకు వీరివలననే. అయినను పాఠశాలలో వీరి ప్రసక్తి అరుదు.

వేములవాడ ప్రాంతమున ఇందులకు ఒగ్గుకథయే చక్కని నిదర్శనము. ఒగ్గు అనగా శివుని డమరుకమును పోలిన చిన్న వాద్యము. దానిని చేపట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పువారు ఒగ్గువారు. పట్నము వేయుట, పూజ నడపుట, కథ చెప్పుట వీరి వృత్తిలో విడదీయరాని అంగములు. ప్రధాన కథకుడు కథ నడుపుచుండ, వంతపాడువారు ఊకొట్టి, ప్రశ్న వేసి, హాస్యమాడి, అవసరమైనపుడు తామే పాత్రలగుదురు. కథకుడు ఒక క్షణమున రాజు, మరుక్షణమున రాణి, అంతలోనే గొఱ్ఱెలకాపరి. తెర లేదు, వేదిక ఎత్తు లేదు. డోలు మ్రోతయు, తాళముల లయయు, జనుల చెవియు ఉన్న చాలును, రాత్రి తెల్లవారును.

వేములవాడకు చేరువనున్న హన్మాజీపేటలో 1931లో సి. నారాయణరెడ్డి జన్మించిరి. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయన పేరును దేశమంతట వినిపించెను. ఆ గ్రామమువారే ఒగ్గుకథకులు మిద్దె రాములు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలవరకు తమ కథను కొనిపోయిన రాములు 2010లో కన్నుమూసిరి. కవి కృతి అచ్చులో నిలిచి, ఎప్పుడు చేతికందినను చదువుకొనవచ్చును. కథకుని కృతి అట్టిది కాదు. యంత్రము శబ్దమును పట్టగలదు; కాని జనుల ముఖములను చూచి కథను పెంచుటయు, కుదించుటయు, వంతగాని మాటకు అప్పటికప్పుడు బదులిచ్చుటయు ప్రక్కన నిలిచి నేర్వవలసిన విద్యలు. ఆ ప్రక్కన నిలుచువారు లేకున్నచో గురువుతోనే విద్యయు అస్తమించును.

దూరదేశపు ఉదాహరణ ఒకటి ఇచట తలపదగినది. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో 1961 ప్రాంతమున, ఇంకను చదువుకొనుచున్న యువకులు ‘ది జాంబీస్’ అను రాక్ సంగీత బృందమును కూర్చుకొనిరి. 1964లో వారి తొలిపాట బ్రిటన్‌లోను, అమెరికాలోను ఆదరణ పొందినది. పిదప వచ్చినవానిలో పెక్కు పాటలకు అంతటి ఆదరణ దొరకలేదు. 1967లో ఒక సంపుటమును రికార్డు చేసి వారు విడిపోయిరి. 1968లో ఆ సంపుటము వెలువడెను. 1969లో అందలి ఒక పాట అమెరికాలో మారుమ్రోగెను. అప్పటికి పాడుటకు బృందమే లేదు! 2019లో వారికి గౌరవపీఠము దక్కునాటికి గిటారు వాయించినవాడు గతించి పదునైదేండ్లు. మెప్పు సత్యమే, వచ్చిన వేళయే తప్పినది.

ఒగ్గుకథ విషయమునను సన్మానములు లేకపోలేదు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్యకు 2014వ సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది. అది ఉచితమే. కాని శాలువ ఒక భుజముపైననే పడును. డోలు కొట్టినవాని పేరు, వంతపాడినవాని పేరు పత్రమున కనబడవు. మేళమనగా నాయకుడు మాత్రమే కాదు.

ఇచట ఉపాధ్యాయులు చేయగలిగినది స్వల్పము కాదు. పాఠశాల వార్షికోత్సవమున పిల్లలకు కంబళి కప్పి పది నిమిషములు గంతులు వేయించుట ఒగ్గుకథ కాదు. సమీపమునందలి మేళమును గౌరవముతో పిలిచి, తగిన పారితోషికమిచ్చి, ఒక ఘట్టమునైనను సాంతముగ వినిపించవలెను. విద్యార్థులు ప్రతి కళాకారుని పేరును, వాద్యమును, కథలోని అపూర్వ పదములను వ్రాసికొనవలెను. ఆ పదములలో ఏ నిఘంటువునకును ఎక్కనివి ఎన్ని ఉన్నవో వారే ఆశ్చర్యపడుదురు.

ఇది దేవతాకార్యము, బడిలో తగునా అని కొందరు శంకింపవచ్చును. ఏది ఎచట చెప్పదగినదో నిర్ణయించు అధికారము ఒగ్గువారిదే. వారిని అడిగి నడచుకొనిన చాలును. మరి కళ నిలుపుట పేర వారి బిడ్డలను చదువు మాన్పించి డోలు మోయించుటయు న్యాయము కాదు. ఆ బిడ్డ డాక్టరైనను కావచ్చును. కాని తండ్రి విద్యను చెప్పుకొనుటకు తరగతిలో సిగ్గుపడని స్థితి కలుగవలెను. ఆ స్థితిని కల్పించు శక్తి ప్రభుత్వ పత్రమున కంటె ఉపాధ్యాయుని నోటిమాటకే ఎక్కువ. కీర్తి వచ్చినపుడు రానిమ్ము. వినుట మాత్రము మేళము కూడియున్నపుడే జరుగవలెను.