ఫ్రీ సైజు ఎవరికి ఫ్రీ?

"ఫ్రీ సైజు కుట్టెయ్" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అన్నవాళ్ళకు కొలిచే పని తప్పుతుంది. విన్నవాళ్ళకు మాట పడే రోజు మొదలవుతుంది. అందులో ఫ్రీ అయ్యేది ఆర్డరిచ్చినవాళ్ళ బాధ్యత ఒక్కటే.

బ్యూటీ పార్లర్‌లో ఫేషియల్ చేసేటప్పుడు ఎంటికలు మొహం మీద పడకుండా తలకు కట్టే పట్టీ ఉంటుంది కదా, హెడ్‌బ్యాండ్, దాని గురించే చెప్తున్నాను. కరీంనగర్‌లో గల్లీకో పార్లర్ వచ్చాక, ఇంట్లో మిషన్ పెట్టుకున్న ఆడవాళ్ళకు ఇవి కుట్టే పని దొరుకుతోంది. మంచిదే. కానీ ఆ ఆర్డర్ ఎట్లా వస్తుందో చూడండి. మా వదినకు ఒక పార్లర్ నుంచి ఫోన్ వచ్చింది. "టర్కీ బట్టతో అరవై కుట్టు, గులాబీ రంగు, ఫ్రీ సైజు." అంతే, మాట అయిపోయింది.

వదిన తన పైసలతో బట్ట, ఎలాస్టిక్ కొని మూడు రాత్రులు కూర్చుని కుట్టింది. రెండు వారాలకు సగం వాపసు వచ్చాయి. బిగుతుగా ఉన్నాయట, రంగు దిగుతోందట, బట్ట పల్చగా ఉందట. మిగిలిన సగానికీ డబ్బులు ఆగిపోయాయి. ఇంట్లో ఏమన్నారో మీకు చెప్పాల్నా? "పని రానప్పుడు ఒప్పుకోవుడెందుకు? ఇంటిపట్టున ఉండరాదా?"

పని రాక కాదు. ఏం కావాలో ఎవరూ చెప్పక. ఈ రెండింటికీ తేడా తెలియనట్టు నటించడం మన ఇళ్ళల్లో, మన బజార్లో చాలామందికి అలవాటైపోయింది.

తల అందరికీ ఒకటే కొలత ఉండదు. మా ఇంట్లో ఆడవాళ్ళందరి తలలకూ టేపు పెట్టి చూశాను. 52 నుంచి 58 సెంటీమీటర్ల దాకా వచ్చింది. అది కూడా టోపీ పెట్టే చోట కాదు, పట్టీ నిజంగా కూర్చునే చోట కొలవాలి. నుదుటి మీద ఎంటికలు మొదలయ్యే దగ్గర నుంచి చెవుల వెనక్కి, అక్కడి నుంచి మెడ పైకి. ఎలాస్టిక్ కుడితే 58 తలకు గంటసేపట్లో నొప్పి లేస్తుంది, 52 తలకు జారిపోతుంది. వెల్క్రో పెడితే 64 సెంటీమీటర్ల పట్టీ ఇద్దరికీ సరిపోతుంది. ఒకామెకు అంచు మీద అంచు 6 సెంటీమీటర్లు ఎక్కుతుంది, ఇంకొకామెకు 12. అందుకే మెత్తటి ముక్క 12 సెంటీమీటర్లు, గరుకు ముక్క 4 సెంటీమీటర్లు ఉండాలి. గరుకుది బయటికి కనిపించిందా, జడలో ఎంటికలన్నీ దానికి చుట్టుకుంటాయి. ఈ లెక్కలో ఒక్క అంకె కూడా "ఫ్రీ సైజు"లో లేదు.

బట్ట సంగతి ఇంకో కథ. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పండించే మనకు, నూలుకూ పాలియెస్టర్‌కూ తేడా ఎవరో చెప్పాలా? తడి మొహం తుడిచే చోట నూలు టర్కీ నీళ్ళు పీల్చుకుంటుంది. అగ్గువకు దొరికే పాలియెస్టర్ చాలాసార్లు నీళ్ళను పక్కకు తోస్తుంది. మందం కూడా అంకెల్లోనే చెప్పాలి. చదరపు మీటరుకు 300 గ్రాములంటే పల్చన, 400 అంటే నిండుగా ఉంటుంది. ఇంకా మందమైతే వానాకాలంలో ఆరదు. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి కోయక ముందే తడిపి ఆరబెట్టాలి. పార్లర్‌లో తలనూనె, పసుపు, బ్లీచ్ అన్నీ తగులుతాయి. వేడినీళ్ళలో ఉతుకుతారా, బ్లీచ్ తగులుతుందా అని ఆర్డరిచ్చేవాళ్ళే చెప్పాలి. ఆ మాట ముందే చెప్తే గులాబీ రంగు వద్దు, తెల్లదే నయమని కుట్టే ఆమే చెప్పేది. చెప్పకుండా తర్వాత రంగు పోయిందంటే అది ఎవరి తప్పు?

"ఇంత చిన్న పట్టీకి ఇన్ని రాతకోతలా?" అంటారు. పట్టీ చిన్నదే, అరవై పట్టీల బట్ట చిన్నది కాదు. "తెలిసినవాళ్ళమే కదా, నమ్మకం లేదా?" అని ఇంకో మాట. తెలిసినవాళ్ళ దగ్గరే కదా డబ్బులు గట్టిగా అడగలేక ఊరుకుంటాం! రాత అనేది నమ్మకం లేక పెట్టేది కాదు, నమ్మకం చెడిపోకుండా పెట్టేది.

ఇది పట్టీలతో ఆగే ముచ్చట కాదు. 2017లో ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు, చేనేత చీర వస్తుందనుకున్న ఆడవాళ్ళ చేతికి సూరత్ నుంచి తెచ్చిన చీరలు కూడా వచ్చాయి. కొన్నిచోట్ల కోపంతో తగలబెట్టారు. ఇచ్చేది ఏం బట్టో ముందే తేటతెల్లం కాకపోతే పండుగ చీర కూడా తగాదా అవుతుంది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మన మహిళా సంఘాలకు ఇచ్చారు. 2024లో కుట్టుకూలి జతకు 50 రూపాయల నుంచి 75కు పెంచారు. సంతోషమే. కానీ పిల్లల కొలతలు సరిగ్గా రాసుకోకుండా కుడితే ఆ 75 రూపాయల వెనక మాట పడేది మళ్ళీ కుట్టినామెనే.

చట్టం కూడా రాతనే అడుగుతుంది. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, సరుకులో లోపముందని కొన్నవాళ్ళు అనాలనుకుంటే అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అనాలి. అనకపోతే ఒప్పుకున్నట్టే. డబ్బులు ఇచ్చే గడువు రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీ కట్టాలి. ఇందుకు ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదై ఉండాలి. దానికి రుసుము లేదు, ఆధార్, పాన్ ఉండాలి. ఇంట్లో మిషన్ మీద కుట్టే ఆమె కూడా చేసుకోవచ్చు. సంఘం మీటింగుల్లో లోన్ వాయిదాల గురించి గంటలు మాట్లాడుకుంటాం, ఈ ముక్క ఎందుకు మాట్లాడుకోం?

కుట్టే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఒక పట్టీ నమూనా కుట్టి, ఉతికి, తలకు పెట్టి చూపించండి. వాళ్ళు సరే అన్నాకే మిగతావాటికి కత్తెర పట్టండి. పొడవు, వెడల్పు, బట్ట, మందం, రంగు, వెల్క్రోనా ఎలాస్టికా, ఎన్ని, ఎప్పటికి, ధర ఎంత, అడ్వాన్స్ ఎంత అన్నీ వాట్సాప్‌లో రాసి పంపి, "సరే" అనిపించుకోండి. బట్ట పైసలన్నా చేతిలో పడనిదే బజారుకు పోకండి. ఇట్లా అడిగితే ఆర్డర్ పోతుందని భయపడతారు. కొలత చెప్పను, అడ్వాన్స్ ఇవ్వను అనే ఆర్డర్ పోతే పోయేది నష్టమే.

ఆర్డరిచ్చే అక్కలకు కూడా ఒక మాట. మీరూ ఆడవాళ్ళే, మీరూ కిరాయిలు కడుతూ పార్లర్ నడుపుకునేవాళ్ళే. ఐబ్రోస్ చేసే ముందు "ఎట్లా కావాలమ్మా, సన్నగానా లావుగానా" అని అడుగుతారు కదా. అడగకుండా చేసి, బాగాలేదని కస్టమర్ డబ్బులు ఎగ్గొడితే ఊరుకుంటారా? మీ పనికి ఉన్న మర్యాదే ఆమె పనికీ ఉంది. టేపు తీసుకుని మీ కుర్చీలో కూర్చునే పదిమంది తలలు కొలవండి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మిగిలించుకోవడానికి ఇంకో ఆడదాని మూడు రాత్రులు ఖర్చు పెట్టకండి.