చప్పిడి ముక్కు కుక్కల వ్యాపారాన్ని ఆపాలి

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ పాతబస్తీ గల్లీలో రేకుల కప్పు కింద ఎలా ఉంటుందో అక్కడ బతికేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల సైతం ఎండాకాలం వస్తే కూలర్లు, నీటి తుంపర్లు పెట్టి జంతువులను కాపాడుకుంటుంది. ఇలాంటి ఊళ్లో పగ్‌లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల వంటి చప్పిడి ముక్కు కుక్కల పిల్లలను, చలి ప్రాంతపు సెయింట్ బెర్నార్డ్‌ల పిల్లలను అడిగినవాడికల్లా అమ్మడం క్రూరత్వమే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ వేడిని వదిలించుకుంటుంది. చప్పిడి ముక్కు జాతులకు ఆ ఒక్క దారినీ మనిషి ఇరుకు చేశాడు. ముద్దొచ్చే ముఖం కోసం తరతరాలుగా ఏరి ఏరి జతకట్టించడంతో మూతి కురచైంది, ముక్కు రంధ్రాలు సన్నబడ్డాయి. అంగిలి వెనక మెత్తటి భాగం మాత్రం తగ్గక శ్వాసకు అడ్డం పడుతోంది. మనం నవ్వుకునే ఆ గురక ఊపిరి కోసం అది పడే పెనుగులాట. బుల్‌డాగ్ పిల్లల తలలు తల్లి కటికి మించి పెరగడంతో కాన్పుకు తరచూ కడుపు కోయాల్సి వస్తోంది. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్‌ను చూసి దాని కోసం ఎగబడిన కుటుంబాలకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ కుటుంబాలది కాదు.

బ్రిటన్‌లో 5.8 లక్షలకు పైగా కుక్కల వివరాలు పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, చిన్న శరీరం, పొడుగు మూతి ఉన్న ఆడకుక్కల మధ్యస్థ ఆయువు 13.3 ఏళ్లు. మధ్యరకం శరీరం, చప్పిడి ముక్కు ఉన్న మగకుక్కలది 9.1 ఏళ్లే. భారీ జాతుల్లో సెయింట్ బెర్నార్డ్‌కు 9.3, కేన్ కోర్సోకు 8.1, కాకేసియన్ షెపర్డ్‌కు 5.4. అది చల్లటి దేశపు లెక్క.

ఈ చివరి రెండు జాతులూ 2024 మార్చిలో కేంద్రం నిషేధించమన్న 23 జాతుల జాబితాలో ఉన్నాయి. ఎవరినీ సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును ఏప్రిల్‌లో కొట్టేసింది. కుక్క మనిషిని ఏం చేస్తుందన్న భయంతో తయారైన జాబితా అది. మనిషి కుక్కను ఏం చేశాడన్నది అందులో ఎవరికీ పట్టలేదు. అందుకే పగ్ దాని కంట పడలేదు.

చట్టం లేదని అనడానికి వీల్లేదు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు జీవితకాలంలో ఐదు ఈతలు దాటకూడదు. 2018 నుంచి పెంపుడు జంతువుల దుకాణాలకూ నమోదు తప్పనిసరి. పాతబస్తీ ముర్గీ చౌక్ దుకాణదారుకైనా, ఫోన్లో ఫొటోలు పంపి ఇంటికి తెచ్చిచ్చే దళారికైనా ఇదే చట్టం. చిన్న వ్యాపారుల పొట్ట కొట్టవద్దన్న వాదన వస్తుంది. నమోదు చేసుకుని, తల్లికుక్కను పశువైద్యుడికి చూపించి, లెక్కలు రాసిపెట్టేవాడి పొట్ట ఎవరూ కొట్టడం లేదు. ఆ మాత్రం చేయనివాడికి ప్రాణాలతో వ్యాపారం చేసే హక్కు లేదు.

ఉన్న నిబంధనలు అమలు చేస్తేనే సరిపోదు. మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతుకైనా రాని కుక్కను జతకట్టించరాదని నెదర్లాండ్స్ 2019లో కొలత పెట్టింది. అలాంటి కొలతే తెలంగాణకూ కావాలి. అమ్మే కుక్క జాతి సగటున ఎన్నేళ్లు బతుకుతుందో, వేసవిలో దానికి ఏ ముప్పు ఉందో తెలుగులో, ఉర్దూలో రాసిన కాగితం కొనేవాళ్ల చేతికి డబ్బు తీసుకోకముందే అందాలి. కావలి కుక్కే కావాలంటే ఈ ఎండలో పుట్టి పెరిగిన వీధి కుక్కపిల్ల ఉంది, దక్కన్‌దే అయిన ముధోల్ జాతి ఉంది.

రాష్ట్ర జంతు సంక్షేమ మండలి, జీహెచ్‌ఎంసీ కలిసి వచ్చే మార్చిలోగా నగరంలోని ప్రతి అమ్మకందారును తనిఖీ చేయాలి. నమోదు లేని దుకాణాలను మూయించి, ఎవరెవరికి అనుమతి ఉందో వార్డుల వారీగా జాబితా ప్రకటించాలి.