అమ్మ గడిలో సున్నా

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మా సంఘం ఆఫీసుకు వచ్చింది. అమెరికాలో డిగ్రీ చదవడానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. మార్కులు బాగున్నాయి. ఇంగ్లీషు పరీక్ష రాసేసింది. వ్యాసం కూడా రాసుకుంది. ఒక్కచోట ఆగిపోయింది. ఆర్థిక సహాయం అడిగే పత్రంలో తండ్రి ఆదాయం, తల్లి ఆదాయం, ఇల్లు, పొలం, బ్యాంకులో డబ్బు, అప్పులు అన్నీ విడివిడిగా రాయాలి. తండ్రిని అడిగితే "ఆడపిల్లవి, నీకెందుకీ లెక్కలు?" అన్నాడట. తల్లిని అడిగితే తనకేమీ తెలియదంది. ఇరవై ఏళ్లుగా ఆ సంసారాన్ని ఈదుకొస్తున్న మనిషికి ఆ ఇంట్లో ఎంత ఉందో, ఎవరి పేర ఉందో తెలియదు. తల్లి పేరుకు ఎదురుగా ఉన్న గడుల్లో ఆ అమ్మాయి వరసగా సున్నాలు వేసుకుంటూ వచ్చింది.

ఆ కాగితం చూశాకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

పదో తరగతి దాటకుండానే పెళ్లిళ్లయిపోతున్న ఆడపిల్లలు మన చుట్టూ ఇంతమంది ఉంటే, అమెరికా చదువుల గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ బడి, సంక్షేమ హాస్టలు, దగ్గర్లో జూనియర్ కాలేజీ, వీటి కోసం మనం చేస్తున్న పని దేనికీ వెనక్కి పోకూడదు. కానీ ఆ అమ్మాయి తండ్రి అన్న మాట అమెరికాకు సంబంధించింది కాదు. కూతుర్ని హైదరాబాద్ పంపించాలన్నా, విశాఖపట్నం పంపించాలన్నా మన ఇళ్లల్లో వినిపించే మాటే అది. అమెరికా దరఖాస్తు చేసిందల్లా ఆ మాటను కాగితం మీదికి తీసుకురావడమే.

ముందు ఈ దరఖాస్తు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. మన ఈఏపీసెట్ లాగా ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు కాదు. చాలా కాలేజీలు కామన్ అప్లికేషన్ అనే ఒకే దరఖాస్తును తీసుకుంటాయి. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు వరకు నాలుగేళ్ల మార్కులు కావాలి. శాట్ పరీక్షను కొన్ని కాలేజీలు తప్పనిసరి చేశాయి, కొన్ని చేయలేదు. 650 మాటలు మించకుండా సొంతంగా ఒక వ్యాసం రాయాలి. చదువు చెప్పిన ఉపాధ్యాయులు ఉత్తరాలు రాయాలి. ముందస్తు దరఖాస్తులకు గడువు ఎక్కువగా నవంబరు మొదట్లో, మామూలు దరఖాస్తులకు జనవరి మొదట్లో ఉంటుంది. అంటే ఇంటర్ ఫలితాల తర్వాత ఆలోచిద్దామనుకునే పిల్లకు ఆ ఏడాది దాదాపు పోయినట్టే.

మన పిల్లల్లో చాలామంది పది వరకు ఒక బడిలో, ఇంటర్ మరో కాలేజీలో చదువుతారు. కాగితాల కోసం రెండు చోట్లా తిరగాలి. వందల మంది ఉండే కార్పొరేట్ కాలేజీలో లెక్చరర్‌కు ఆ పిల్ల సెక్షను, ర్యాంకు తప్ప మనిషి తెలియదు. ఆయన ఉత్తరంలో ఏం రాస్తాడు? పెద్ద ఫీజులు తీసుకునే అంతర్జాతీయ స్కూళ్లలో ఈ పనికే జీతమిచ్చి కౌన్సిలర్లను పెడతారు. ఈ దారి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది తెలివితేటల విషయం కాదు, వర్గానికి సంబంధించిన విషయం.

ఇక డబ్బు. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, వసతి, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 80, 90 వేల డాలర్లవుతుంది. మన లెక్కలో డెబ్బై లక్షల పైమాట. అమెరికా ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే సహాయం విదేశీ విద్యార్థులకు అందదు. కాలేజీ తన నిధుల్లోంచి ఇస్తేనే ఉంటుంది. ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి విషయంలో సహాయం అడిగిందా లేదా అని చూసి మరీ సీటు సంగతి తేలుస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్హెర్స్ట్ వంటి కొద్ది సంస్థలే విదేశీయుల విషయంలో కూడా డబ్బు సంగతి పక్కనపెట్టి సీటిచ్చి, ఆ తర్వాత కుటుంబం భరించలేని మొత్తాన్ని తామే పెట్టుకుంటాయి. వాటిలో సీటు రావడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. బ్రిన్ మార్, మౌంట్ హోలియోక్, స్మిత్, వెల్స్‌లీ వంటి మహిళా కాలేజీలు కూడా విదేశీ విద్యార్థినులకు సహాయమిస్తాయి, కానీ పరిమితంగానే. సహాయం అడగాలంటే కుటుంబం ఆస్తిపాస్తుల లెక్క చెప్పి తీరాలి. ఆ లెక్క తండ్రి గుప్పెట్లో ఉంటే పిల్ల ఎంత చదివినా దరఖాస్తు పూర్తి కాదు.

మన దేశం నుంచి 2023-24లో 3 లక్షల 31 వేల మందికి పైగా అమెరికాలో విద్యార్థులుగా ఉన్నారు. వాళ్లలో డిగ్రీ స్థాయిలో ఉన్నవాళ్లు 36 వేల చిల్లర మాత్రమే. మన వాళ్లు ఎక్కువగా ఇక్కడ ఇంజనీరింగ్ చేసి, అప్పుచేసి ఎం.ఎస్.కు వెళ్తారు. కొడుకు కోసమైతే పొలం కుదువ పెడతారు, అమ్ముతారు. దాన్ని పెట్టుబడి అంటారు. కూతురి పేరు ఎత్తగానే అదే పొలం పెళ్లి ఖర్చయిపోతుంది. చదువుకీ పెట్టి, కట్నమూ పెట్టాలంటే ఎక్కణ్ణుంచి తెచ్చేదంటారు. కూతురి భవిష్యత్తు ఆమె దరఖాస్తు రాయకముందే, ఆమె లేని చోట నిర్ణయమైపోతోంది.

విచిత్రమేమంటే, ఆడపిల్లను అమెరికా పంపడానికి ఈ కుటుంబాలకు అభ్యంతరం లేదు. అమెరికా సంబంధం వస్తే లక్షలు పోసి పంపిస్తారు. ఆమె వెళ్లేది హెచ్-4 వీసా మీద, భర్త మీద ఆధారపడిన మనిషిగా. 2015 వరకు ఆ వీసా మీద వెళ్లిన భార్య ఎంత చదువుకున్నదైనా అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ ఏడాది నుంచి గ్రీన్‌కార్డు వరసలో కొంత దూరం వచ్చిన వాళ్ల భార్యలకు మాత్రం అనుమతి ఇస్తున్నారు. విడాకులైతే ఆమెకు అక్కడ ఉండే హక్కూ పోతుంది. విద్యార్థిగా వెళ్లే ఎఫ్-1 వీసా అలా కాదు. అది ఆమె పేరు మీద, ఆమె చదువు మీద వస్తుంది. భర్త వెంట పంపడానికి దొరికే డబ్బు సొంతంగా చదువుకోవడానికి ఎందుకు దొరకదు? ఆనందీబాయి జోషీ 1883లో, పద్దెనిమిదేళ్ల వయసులో, భర్త వెంట లేకుండానే ఓడెక్కి ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో చేరింది. 1886లో డాక్టరు పట్టా తీసుకుంది. తానెందుకు వెళ్తోందో బయలుదేరే ముందు సేరంపూర్‌లో అందరి ముందూ నిలబడి చెప్పాల్సివచ్చింది. నూట నలభై ఏళ్లు దాటినా మన పిల్లలు ఇంకా ఇంట్లో ఆ సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉన్నారు.

మనం గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. కూతురి చదువుకు పెట్టే డబ్బు తండ్రి దయ కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆ వాటా అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే దక్కింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు తెచ్చింది, పెళ్లయిన కూతుళ్లకు కూడా. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా 1961 నుంచి నేరం. చట్టం వాటా ఇమ్మంటోంది, కట్నం వద్దంటోంది. మన ఇళ్లల్లో జరుగుతున్నది సరిగ్గా తలకిందులుగా ఉంది. పుట్టుకతో వచ్చే ఈ వాటా స్వార్జితానికి వర్తించదు, అన్ని మతాల వారికీ వర్తించదు, నిజమే. అయినా కూతురు అడుగుతున్నది భిక్ష కాదన్న సంగతి ఇంట్లో మాట్లాడటానికి అది ఒక ఆసరా.

సంఘాలుగా మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. భర్త వదిలేసిన స్త్రీల పిల్లలు మన దగ్గరికి వస్తుంటారు. ఆ పిల్ల తండ్రి ఆదాయం ఎక్కణ్ణుంచి తెస్తుంది? చాలా కాలేజీలు వాడే సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అనే ఆర్థిక పత్రంలో, విడిగా ఉంటున్న తండ్రి వివరాలు మినహాయించమని అడిగే వీలుంది. కుటుంబ పరిస్థితి తెలిసిన బయటి వ్యక్తి, అంటే ఉపాధ్యాయురాలో సామాజిక కార్యకర్తో, రాసిచ్చే ఉత్తరం అక్కడ పనికివస్తుంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కాలేజీ ఇష్టం. కానీ కేసు వివరాలన్నీ మన రిజిస్టర్లలో ఉండగా ఆ ఉత్తరం మనం కాక ఎవరు రాస్తారు? పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండి తీరాలన్న నిబంధన 2016 డిసెంబరులో పోయింది. ఒంటరి తల్లులు చాలామందికి ఆ సంగతి ఇంకా తెలియదు.

కామన్ అప్లికేషన్‌లో చదువు కాక ఇంకేం చేశావని అడిగే భాగం ఒకటుంది. మన పిల్లలు అది చూసి నాకు డిబేట్లు లేవు, కప్పులు లేవు అని ఖాళీగా వదిలేస్తారు. అక్కడిచ్చిన జాబితాలో కుటుంబ బాధ్యతలు కూడా ఒకటి. పొద్దున్నే లేచి వంట చేయడం, తమ్ముణ్ణి బడికి దింపడం, మంచానపడ్డ నాయనమ్మకు సేవ చేయడం, వారానికెన్ని గంటలో లెక్కగట్టి అందులో రాయవచ్చు. మన జనాభా లెక్కలు ఇంటిపని మాత్రమే చేసే స్త్రీలను పని చేయని వాళ్లలో కలిపేస్తాయి. ఇంటి చాకిరీ కూడా పనే అని మనం ఇన్నేళ్లుగా అంటున్నాం. ఆ మాట మన పిల్లలకు మనమే చెప్పలేదు.

వ్యాసం రాసిపెడతామనే వాళ్లను, బ్యాంకులో నాలుగు రోజులు డబ్బు వేసి చూపిస్తామనే వాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. అబద్ధం బయటపడితే కాలేజీలోనైనా, కాన్సులేట్‌లోనైనా పోయేది పిల్ల భవిష్యత్తే. ఇంకో ఇబ్బంది కొత్తగా వచ్చింది. 2025 మే చివర్లో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలివ్వడం ఆపేసిన అమెరికా ప్రభుత్వం, జూన్‌లో తిరిగి మొదలుపెడుతూ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి ఉంచమంది. వేధింపులకు భయపడి ఖాతా మూసి ఉంచుకున్న ఆడపిల్లకు దీని అర్థం వేరు. ఫొటోలు, ఫోన్ నంబర్లు ముందే తీసేసుకోమని చెప్పడం, వేధింపులొస్తే తోడు నిలబడటం మన పనే. ఇన్నీ చేశాక కూడా వీసా రాకపోవచ్చు. అందుకే ఇక్కడి కాలేజీ దరఖాస్తు ఏదీ మానొద్దని ప్రతి పిల్లకూ చెప్పాలి. అమెరికా వెళ్లడమే గెలుపని మనం అనకూడదు.

అన్నిటికంటే ముందు తల్లులతో మాట్లాడాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పు వాయిదాల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. పొలం పాస్‌బుక్కు ఎవరి పేర ఉంది, ఇంటి మీద అప్పెంత, కూతురి పేరు చెప్పి దాస్తున్న డబ్బు దేనికోసం, ఈ మూడు ప్రశ్నలూ ఇంట్లో అడిగి రమ్మని ప్రతి తల్లికీ చెబుదాం. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే అడగాలి, పన్నెండులో కాదు. చదువు అమెరికాలోనైనా అనంతపురంలోనైనా ఆ ప్రశ్నలు మారవు.

మా దగ్గరికొచ్చిన అమ్మాయి తల్లి మర్నాడు తనూ వచ్చింది. బీరువాలోంచి తెచ్చిన కాగితాల సంచీ బల్ల మీద పెట్టి, ఇందులో ఏముందో చదివి చెప్పమంది. చదివి చెప్పాం. ఇంటి స్థలం సగం ఆమె పేరనే ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. అమ్మాయి ఆ గడిలో సున్నా కొట్టేసి విలువ రాసింది. మిగతా గడుల కోసం తండ్రితో మాట్లాడటానికి ఇద్దరూ కలిసే వెళ్లారు.